సమ్మె నోటీసు ఇచ్చినాక రైల్వేలో ఏం జరుగుద్ది? ప్రభుత్వం కలగజేసుకుంటే కార్మికుడి మీద పడేదెంత?

గుండ్లకమ్మ (ఒంగోలు) · సోమవారం ఉదయం 7:05

అందరికీ నమస్కారం. లోకో పైలట్లు (రైలు నడిపే డ్రైవర్లు) అడిగే 46 గంటల వారపు రెస్టు సంగతి ఎక్కడ ఎత్తినా ఒకటే మాట వినపడతా ఉంది: "సమ్మెకి పోతే ఎస్మా (అత్యవసర సేవల నిర్వహణ చట్టం) పెడతారు, ఉద్యోగం ఊడుద్ది." ఇందులో నిజమెంత? నోటీసు ఇచ్చిన రోజు నుంచి ప్రభుత్వం చేతిలో ఏమేం ఉంటాయి? మనిషికి జీతంలో, సర్వీసులో, పెన్షన్‌లో ఏం పోద్ది? తెలిసిన పెద్దలు సెక్షన్లతో సహా చెప్తే, రన్నింగ్ స్టాఫ్‌కే (బండి మీద డ్యూటీ చేసే పైలట్లు, గార్డులకే) కాదు, గేట్ల మీద, ట్రాక్ మీద ఉండే వాళ్లకీ పనికొస్తుంది.

బిట్రగుంట షెడ్ · సోమవారం ఉదయం 8:20

ముందు గొడవ ఎక్కడుందో లెక్క వేసి చూద్దాం. లెక్క తెలవకుండా అటూ ఇటూ మాట్లాడేవాళ్లే ఎక్కువ.

1989 రైల్వే చట్టం 133వ సెక్షన్ మామూలు రైల్వే ఉద్యోగికి వారానికి 30 గంటలకి తగ్గకుండా ఏకబిగిన విశ్రాంతి ఇవ్వమంటుంది. రన్నింగ్ స్టాఫ్‌కి వచ్చేసరికి అదే సెక్షన్ వేరే లెక్క చెప్తుంది. నెలకి 30 గంటలవి నాలుగు ఇవ్వొచ్చు, లేదా 22 గంటలవి ఐదు ఇవ్వొచ్చు. ఇది కాక, 8 గంటలు, ఆ పైన డ్యూటీ చేసి హెడ్‌క్వార్టర్‌కి తిరిగొస్తే 16 గంటల రెస్టు ఉంది. 8 గంటల లోపు డ్యూటీ అయితే 12.

ఇప్పుడు ఒక పైలట్ శనివారం పొద్దున 6 గంటలకి బిట్రగుంటలో సైన్ ఆఫ్ చేశాడు (డ్యూటీ దిగాడు) అనుకోండి. ఆయనకి వారపు రెస్టు రావాలి. ఆ 30 గంటల్లోనే 16 గంటలు కలిసిపోయినాయి అంటుంది యాజమాన్యం, అంటే ఆదివారం మధ్యాహ్నం 12కి డ్యూటీకి కాల్ ఇవ్వొచ్చు. పైలట్లేమో 16 గంటలు ట్రిప్పు అలుపు తీరేదానికి, 30 గంటలు వారానికొక సెలవు, రెండూ వేరు అంటారు. శనివారం రాత్రి 10కి 16 అయిపోతాయి, అక్కడి నుంచి 30 లెక్కపెడితే సోమవారం తెల్లవారుజామున 4. రెండూ కలిపితేనే ఆ 46 గంటలు. మధ్యలో ఉన్న తేడా ఆదివారం సాయంత్రం, ఆదివారం రాత్రి. ఇంట్లో పడుకునే ఆ రాత్రి కోసమే కొట్లాట.

దీంతో పాటు ఇంకో రెండు డిమాండ్లు ఉన్నాయి. వరసగా నాలుగు రాత్రుల డ్యూటీని రెండుకి తగ్గించమనేది ఒకటి. బయటికి పోయిన మనిషిని 72 గంటలు తిప్పకుండా తొందరగా ఇల్లు చేర్చమనేది ఇంకోటి. 2024 జూన్ 1 నుంచి గూడూరు అవతల సదరన్ రైల్వేలో పైలట్లు ఈ 46 గంటల రెస్టు తామే తీసుకుని ఆ తర్వాతే డ్యూటీకి వచ్చారు. దాని మీద చార్జిషీట్లు, బదిలీలు, సస్పెన్షన్లు నడిచినాయి. అది సమ్మె నోటీసు ఇచ్చి చేసింది కాదు, రూలుని తమ అర్థంలో పాటించడం. చట్టం కళ్లకి ఈ రెండూ ఒకటి కాదు. ఆ తేడా గుర్తు పెట్టుకోండి, కింద అవసరం పడుద్ది.

పెన్నాతీరం (నెల్లూరు) · సోమవారం ఉదయం 9:40

గుండ్లకమ్మ గారూ, నోటీసు సంగతి నేను చెప్తాను.

2025 నవంబర్ 21 దాకా 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నడిచింది. ఆ రోజు నుంచి 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో రైల్వే ప్రజోపయోగ సేవ కాబట్టి 22వ సెక్షన్ కిందకి వచ్చేది. నోటీసు ఇచ్చి 14 రోజులు ఆగాలి, నోటీసు ఆరు వారాల్లో చెల్లిపోద్ది. కొత్త కోడ్ 62వ సెక్షన్ ఆ 14 రోజుల గడువుని అన్ని పరిశ్రమలకీ పెట్టింది, నోటీసు చెల్లుబాటు 60 రోజులు చేసింది. అంటే పాత లెక్కలో సమ్మె మొదలుపెట్టేదానికి మిగిలేది 28 రోజులు, కొత్త లెక్కలో 46 రోజులు.

కాగితం మీద ఎక్కువ రోజులు దొరికినట్టే ఉంటుంది. అసలు తాళం వేరే చోట ఉంది. నోటీసు అందిన ఐదు రోజుల్లో యాజమాన్యం ఆ సంగతి ప్రభుత్వానికీ, కేంద్ర కార్మిక శాఖ రాజీ అధికారికీ చెప్పాలి. రాజీ చర్చలు నడిచినన్నాళ్లూ, ముగిసినాక ఏడు రోజులూ సమ్మె చెయ్యకూడదు. ఇది పాతదే. కొత్తది ఏందంటే, రాజీ కుదరకపోతే ఇరు పక్షాల్లో ఎవరైనా నేరుగా ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. ట్రిబ్యునల్‌లో కేసు ఉన్నన్నాళ్లూ, తీర్పు తర్వాత 60 రోజులూ సమ్మె చట్టవిరుద్ధం. ఇంతకుముందు వివాదాన్ని ప్రభుత్వం రిఫర్ చేసి, 10(3) కింద సమ్మె ఆపమని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు యాజమాన్యం అర్జీ ఒక్కటి చాలు.

జరిమానాలు కూడా పెరిగినాయి. పాత చట్టంలో చట్టవిరుద్ధ సమ్మెకి నెల జైలు లేదా 50 రూపాయలు. కొత్త కోడ్‌లో 1,000 నుంచి 10,000 రూపాయలు, లేదా నెల జైలు, లేదా రెండూ. ఉసిగొల్పిన వాళ్లకి 10,000 నుంచి 50,000.

దర్శి పిలగాడు · సోమవారం ఉదయం 10:02

సార్, నోటీసు లేకుండా అందరూ ఒకే రోజు సీఎల్ పెడితే? అది సమ్మె కిందకి రాదు కదా?

పెన్నాతీరం (నెల్లూరు) · సోమవారం ఉదయం 10:31

వస్తుంది తమ్ముడూ. ఆ సందు మూసేశారు. ఒక పరిశ్రమలో 50 శాతం, అంతకు మించి కార్మికులు ఒకే రోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవు పెడితే సమ్మె కిందే లెక్క అని కొత్త కోడ్ నిర్వచనంలోనే రాశారు. నోటీసు లేదు కాబట్టి అది పుట్టుకతోనే చట్టవిరుద్ధం.

జీతం కోత సంగతి కూడా విను. పది మంది, ఆ పైన కలిసికట్టుగా, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా రాకపోతే, రాని రోజుల జీతం కాక ఎనిమిది రోజుల జీతం దాకా కోసే వీలు వేతన చట్టంలో ఎప్పటి నుంచో ఉంది, వేతన కోడ్‌లోనూ ఉంచారు. ఒక్క రోజు సీఎల్‌కి తొమ్మిది రోజుల జీతం పోవచ్చు.

కృష్ణపట్నం రేక్ · సోమవారం మధ్యాహ్నం 1:15

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. రైలు ఆగితే ఆగేది ఒక్క యాజమాన్యం కాదు. థర్మల్ కేంద్రానికి బొగ్గు రేకు రాకపోతే కరెంటు ఆగుద్ది, ఎరువు రాకపోతే నాట్ల కాలం దాటిపోద్ది. విజయవాడ గూడూరు లైన్ ఒక్క రోజు మూసుకుంటే ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య తూర్పు తీరం దారి తెగిపోద్ది. అట్టాంటప్పుడు ప్రభుత్వం చూస్తా కూర్చోవాలా? కలగజేసుకోవడం తప్పు అనేది నాకు ఒప్పుదల కాదు. ఎట్టా కలగజేసుకుంటుంది అనేదే మాట్లాడాలి.

బిట్రగుంట షెడ్ · సోమవారం మధ్యాహ్నం 2:50

రేక్ అన్నా, మీరన్నది సబబే, అక్కడి నుంచే మాట్లాడదాం. ఆపే చెయ్యి ఎంత వేగంగా వస్తుందో, తీర్చే చెయ్యి ఎంత నెమ్మదిగా వస్తుందో చూడండి.

1960 జులై 11న కేంద్ర ఉద్యోగుల సమ్మె. దానికి ముందే ఆర్డినెన్సు వచ్చింది. ఐదారు రోజుల్లో సమ్మె ముగిసింది. 1968 సెప్టెంబర్ 19న ఒక్క రోజు టోకెన్ సమ్మె. దానికీ ఆర్డినెన్సు, ఆ తర్వాత చట్టం. మనం "ఎస్మా" అనే మాట అక్కడి నుంచి వచ్చింది. 1981లో ఇంకోసారి ఎస్మా చట్టం చేశారు.

1973 ఆగస్టులో లోకో రన్నింగ్ స్టాఫ్ సమ్మె చేస్తే అప్పటి రైల్వే మంత్రి లలిత్ నారాయణ్ మిశ్రా డ్యూటీని 10 గంటలకి పరిమితం చేస్తామని ఒప్పుకున్నారు. ఇప్పటి రూలు ఏందంటే, రన్నింగ్ డ్యూటీ 9 గంటలు. 9 దాటించాలంటే రెండు గంటల ముందు క్రూకి చెప్పాలి. సైన్ ఆన్ (డ్యూటీ ఎక్కడం) నుంచి సైన్ ఆఫ్ దాకా మొత్తం 11. ప్రమాదం, వరద, ఆందోళన, యంత్రం చెడిపోవడం లాంటివి వస్తే దానికీ మినహాయింపు ఉంది. యాభై ఏళ్లు దాటినా, ఆ 10 గంటలు సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా లెక్కేసే 10 కాలేదు.

ఇక 1974. మే 8న మొదలైన సమ్మెలో సుమారు 17 లక్షల మంది ఉన్నారు. ఎనిమిది గంటల పని, బోనస్, ప్రభుత్వ రంగ సంస్థలతో సమానంగా జీతం, క్యాజువల్ లేబర్‌ని పర్మినెంట్ చెయ్యడం, చవక ధరకి తిండిగింజలు, ఇవీ డిమాండ్లు. చర్చలు తెగకముందే మే 2న సమ్మె నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ని లక్నోలో అరెస్టు చేశారు. మీసా (విచారణ లేకుండా నిర్బంధించే అప్పటి చట్టం), భారత రక్షణ నిబంధనలు వాడి వేలాది మందిని లోపల వేశారు. రైళ్లు నడిపేదానికి టెరిటోరియల్ ఆర్మీని దించారు. క్వార్టర్ల నుంచి కుటుంబాల్ని ఖాళీ చేయించారు. మే 27న సమ్మె విరమించారు, 20 రోజులు. బోనస్ వచ్చింది 1979లో, ఐదేళ్ల తర్వాత. ఉద్యోగాలు పోయిన వాళ్లని తిరిగి తీసుకున్నది 1977లో జనతా ప్రభుత్వం వచ్చి మధు దండవతే రైల్వే మంత్రి అయినాక.

గుండ్లకమ్మ (ఒంగోలు) · సోమవారం మధ్యాహ్నం 3:10

ఆ బోనసే కదా ఇప్పుడు దసరా ముందు ఇచ్చేది? 78 రోజులు అంటారు, చేతికి మాత్రం 17,951 వస్తుంది. మూల జీతం ఎంత ఉన్నా ఆ అంకె మారదేంది?

పెన్నాతీరం (నెల్లూరు) · సోమవారం మధ్యాహ్నం 3:25

లెక్కకి నెల జీతం పరిమితి 7,000 రూపాయలే అని పెట్టారు గనక. 7,000ని 12తో గుణించి, 365తో భాగించి, 78తో గుణిస్తే అదే వస్తుంది. ఆ పరిమితి పెంచితేనే అంకె మారుద్ది.

కాలమ్ నంబర్ తొమ్మిది · సోమవారం రాత్రి 8:45

చార్జిషీటు వైపు ఎవరూ పోలేదు, నేను చెప్తాను. ఉద్యోగం పోయేది సమ్మె చట్టం వల్ల కాదు, క్రమశిక్షణ రూల్స్ వల్ల. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

1968 క్రమశిక్షణ, అప్పీలు రూల్స్‌లో 14(ii) అని ఒకటుంది. విచారణ జరపడం ఆచరణలో వీలు కాదని అధికారి కారణం రాస్తే, విచారణ లేకుండానే డిస్మిస్ చెయ్యొచ్చు. దీనికి మూలం రాజ్యాంగం 311(2) ఆర్టికల్ రెండో నిబంధన. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారం చెల్లుతుందని చెప్పింది. కాకపోతే కారణం రాతలో ఉండాలి, ఆ కారణాన్ని కోర్టు పరిశీలించొచ్చు.

1981 లోకో సమ్మెలో పాల్గొన్న వాళ్లని ఈ రూలు కిందే ఇంటికి పంపారు. 1993లో రెడ్డప్ప కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చూడండి: మూడు నెలల్లో వాళ్లని ఉద్యోగాల్లోకి తీసుకోవాలి, డీఏతో కలిపి మూడేళ్ల జీతం పరిహారంగా ఇవ్వాలి, రిటైర్ అయిపోయిన వాళ్లకీ ఇవ్వాలి, చనిపోయి ఉంటే వాళ్ల మీద ఆధారపడిన వాళ్లకి ఇవ్వాలి. గెలిచారు. పన్నెండేళ్ల తర్వాత గెలిచారు. మూడేళ్ల జీతం చేతికొచ్చింది, మిగిలిన ఏళ్ల జీతం రాలేదు. కొంతమంది ఆ తీర్పు చూడకుండానే పోయారు.

తర్వాత బ్రేక్ ఇన్ సర్వీస్. దీన్ని డిస్మిస్ కంటే చిన్నదిగా చూస్తారు, చూడకూడదు. చట్టవిరుద్ధ సమ్మెలో ఉన్న రోజుల్ని సర్వీసులో తెగిన చోటుగా రాస్తే, ఆ ముందు చేసిన ఏళ్లు పెన్షన్ లెక్కకి ప్రశ్నార్థకం అవుతాయి, లీవు ఖాతా, పాసుల దాకా పోద్ది. 1974 వాళ్లకి ఇదే చేసి, తర్వాత రద్దు చేశారు. "డైస్ నాన్" అని రాస్తే మాత్రం ఆ రోజు జీతం పోద్ది, సర్వీసులో ఆ రోజు లెక్కకి రాదు, అంతకుముందు సర్వీసు తెగదు. మీ సర్వీసు రిజిస్టర్‌లో ఈ రెండింట్లో ఏది రాశారో చూసుకోవాలి. నోటి మాట నమ్మకూడదు.

ఇంకోటి, రైలు మధ్యలో వదిలేసి దిగిపోవడం. రైల్వే చట్టం 173 కింద అది నేరం, రెండేళ్ల జైలు, లేదా 1,000 రూపాయలు, లేదా రెండూ. లాబీకి (డ్యూటీ ఎక్కి దిగే ఆఫీసుకి) వచ్చి సైన్ ఆన్ చెయ్యకపోవడం వేరు, ఉలవపాడు లూప్‌లో (పక్క లైన్లో) బండి పెట్టి, అప్పగించకుండా దిగిపోవడం వేరు. 11 గంటలు నిండినా సరే, కంట్రోలర్‌కి ముందుగా చెప్పి, ఆ సమయం రాయించి, రిలీఫ్ వచ్చినాకే దిగాలి.

దర్శి పిలగాడు · సోమవారం రాత్రి 9:12

అమెరికాలో 2022లో ఏకంగా పార్లమెంటే సమ్మె ఆపిందని చదివాను. అక్కడ సమ్మె హక్కు ఉంది కదా, ఎట్టా ఆపారు?

వెలిగొండ టన్నెల్ · మంగళవారం ఉదయం 6:30

అక్కడి చట్టం పేరు రైల్వే లేబర్ యాక్ట్, 1926 నాటిది. సమ్మె హక్కు ఉంది, కానీ దాని దాకా పొయ్యే దారిలో గేట్లు పెట్టారు. ఉన్న ఒప్పందానికి అర్థం ఏంది అనే తగాదా అయితే మధ్యవర్తి తీర్పే, సమ్మె లేదు. కొత్త ఒప్పందం కోసమైతే ముందు ఫెడరల్ మధ్యవర్తిత్వ బోర్డు. అది చేతులెత్తేస్తే 30 రోజులు ఆగాలి. అప్పుడు అధ్యక్షుడు ఎమర్జెన్సీ బోర్డు వెయ్యొచ్చు. బోర్డు నివేదికకి 30 రోజులు, ఆ తర్వాత ఇంకో 30. అన్నీ దాటినాక కూడా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఒక చట్టం చేసి ఒప్పందాన్ని నెత్తిన పెట్టొచ్చు.

2022లో జరిగింది ఇదే. జులైలో బైడెన్ 250వ ఎమర్జెన్సీ బోర్డు వేశారు. ఆగస్టు 16న నివేదిక వచ్చింది. 2020 నుంచి 2024 దాకా ఐదేళ్లకి 24 శాతం జీతం పెంపు సిఫార్సు చేసింది. సెప్టెంబర్ 15న తాత్కాలిక ఒప్పందం. 12 యూనియన్లలో నాలుగు ఓటింగ్‌లో దాన్ని తిప్పికొట్టాయి. కారణం జీతం కాదు, జబ్బు చేస్తే జీతంతో సెలవు లేకపోవడం, హాజరు పద్ధతి. డిసెంబర్ 9న సమ్మె అనుకున్నారు. ప్రతినిధుల సభ నవంబర్ 30న ఒప్పందాన్ని రుద్దే బిల్లునీ, 7 రోజుల సిక్ లీవు ఇచ్చే తీర్మానాన్నీ వేర్వేరుగా పాస్ చేసింది. డిసెంబర్ 1న సెనేట్‌లో ఒప్పందం 80-15తో పోయింది. సిక్ లీవుకి 52 ఓట్లు వచ్చినా 60 కావాల్సి వచ్చి పడిపోయింది. డిసెంబర్ 2న సంతకం. ఒకే రోజు, ఒకే సభ. సమ్మె ఆపేదానికి ఓట్లు సరిపోయినాయి, సెలవుకి సరిపోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2023లో కంపెనీలు ఒక్కో యూనియన్‌తో విడివిడిగా కూర్చుని చాలామందికి సిక్ లీవు ఒప్పుకున్నాయి. దేశమంతా ఆ సెలవుల గురించి మాట్లాడుకున్నాక కంపెనీలకి కాదనడం కష్టమైంది.

కృష్ణపట్నం రేక్ · మంగళవారం ఉదయం 8:00

అంటే సమ్మె ఆపితే, ఆపిన వాళ్లే సమస్యకి గడువు పెట్టి తీర్పు చెప్పించాలి. ఇది నేను ఒప్పుకుంటాను. మన దగ్గర అట్టాంటి బోర్డు ఏదీ లేదా?

పెన్నాతీరం (నెల్లూరు) · మంగళవారం ఉదయం 9:20

ఉంది. 1966లో వచ్చిన జేసీఎం (ప్రభుత్వం, ఉద్యోగుల సంయుక్త సంప్రదింపుల) పథకంలో ఆర్బిట్రేషన్ బోర్డు ఉంది. మూడే విషయాలకి నిర్బంధ మధ్యవర్తిత్వం: ఒక తరగతి ఉద్యోగుల జీతభత్యాలు, వారపు పని గంటలు, సెలవులు. తీర్పు ఇరుపక్షాలకీ కట్టుబాటే, పార్లమెంటు మాత్రం మార్చొచ్చు. చూడండి, "వారపు పని గంటలు" అందులోనే ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఆ బల్ల దగ్గర కూర్చునేది గుర్తింపు ఉన్న ఫెడరేషన్లు. 1952 నుంచి నడిచే పీఎన్ఎం (రైల్వేలో శాశ్వత చర్చల వేదిక) కూడా అంతే. డివిజన్‌లో రెండు నెలలకోసారి జరిగే మీటింగుకి ఐటమ్ పెట్టేది గుర్తింపు యూనియనే. లోకో పైలట్ల సొంత సంఘానికి ఆ కుర్చీ లేదు. కాబట్టి 46 గంటల విషయం ఐటమ్‌గా రావాలంటే గుర్తింపు యూనియన్ బ్రాంచి కార్యదర్శి చేత రాతపూర్వకంగా పెట్టించాలి, మినిట్స్ నకలు అడిగి తీసుకోవాలి.

గేటు నంబర్ (కావలి వైపు) · మంగళవారం మధ్యాహ్నం 12:40

గేట్‌మెన్ సంగతి కూడా చూడండి అన్నలారా. 12 గంటల రోస్టర్ మీద ఉన్న గేట్లు ఇంకా ఉన్నాయి.

కాలమ్ నంబర్ తొమ్మిది · మంగళవారం మధ్యాహ్నం 2:05

దానికి సమ్మె అక్కర్లేదు, లెక్క చాలు. గేటుని "ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్" (మధ్యమధ్య ఖాళీ ఉండే పని) అని వర్గీకరిస్తే వారానికి 75 గంటల దాకా పోవచ్చు, "కంటిన్యువస్" (ఎడతెగని పని) అయితే సగటున 54. మొదటి వర్గంలో పెట్టాలంటే డ్యూటీ సమయంలో సగం, ఆ పైన ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీలో ఏకబిగిన గంట ఒకసారి, లేదా అరగంటలు రెండు ఉండి తీరాలి. ఈ రెండో షరతే చాలా గేట్ల దగ్గర నిలవదు. గూడ్సులు పెరిగినాక రెండు బళ్ల మధ్య పదిహేను, ఇరవై నిమిషాల ముక్కలే మిగులుతాయి. అన్నీ కలిపితే సగం రావచ్చు, ఏకబిగిన గంట మాత్రం రాదు.

చేయాల్సింది ఇది. గేటు మూసిన టైం, స్టేషన్‌తో ప్రైవేట్ నంబర్ (గేటు మూసినట్టు ఖాయం చేసే అంకె) ఇచ్చిపుచ్చుకున్న టైం, తెరిచిన టైం రిజిస్టర్‌లో ఉంటాయి. వరసగా మూడు రోజులవి తీసి కాగితం మీద గీత గీసి ఖాళీ ముక్కలు కొలవండి. ఆ కాగితం జత చేసి జాబ్ అనాలిసిస్ (పని ఎంతుందో కొలిచే పరిశీలన) చెయ్యమని అర్జీ పెట్టండి. అది 72 గంటలు చేస్తారు. రద్దీ లేని రోజులు ఎంచుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఏ తేదీల్లో చేస్తారో ముందే రాతలో అడగాలి. వర్గీకరణ నచ్చకపోతే అప్పీలు రీజినల్ లేబర్ కమిషనర్‌కి, అదీ కేంద్రానిది.

దర్శి పిలగాడు · మంగళవారం సాయంత్రం 5:30

కాంట్రాక్టు లేబర్‌కి? మా వైపు నడికుడి శ్రీకాళహస్తి కొత్త లైన్ పనిలో ఉన్నోళ్లు జీతం సంగతి జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో అడిగితే మాది కాదన్నారంట.

పెన్నాతీరం (నెల్లూరు) · మంగళవారం సాయంత్రం 6:15

వాళ్లు చెప్పింది సరే. రైల్వేకి తగిన ప్రభుత్వం అంటే కేంద్రం, కాంట్రాక్టరు కింద చేసే వాళ్లకీ అంతే. అర్జీ కేంద్ర సహాయ లేబర్ కమిషనర్‌కి పోవాలి. అందులో కాంట్రాక్టరు పేరు ఒక్కటే రాస్తే సగం పని. పని ఇచ్చిన రైల్వే అధికారి హోదా కూడా ప్రతివాదిగా రాయాలి, ఎందుకంటే కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత ప్రధాన యజమానిదే. హాజరు కార్డు, గేట్ పాస్, బ్యాంకులో పడిన జీతం స్టేట్‌మెంటు జత చెయ్యండి. ఈ కార్మికులు పని ఆపితే ప్రభుత్వం దాకా పోదు, మర్నాడు వేరే మనుషుల్ని తెచ్చుకుంటారు. అందుకే వీళ్లకి అర్జీ ముందు, ఆందోళన తర్వాత.

గుండ్లకమ్మ (ఒంగోలు) · మంగళవారం రాత్రి 9:00

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి. 46 గంటల కోసం రెస్టు రూలు పాటించి చార్జిషీటు తెచ్చుకున్న మనిషి ముందుగా చేయాల్సింది ఏంది?

కాలమ్ నంబర్ తొమ్మిది · మంగళవారం రాత్రి 9:50

చార్జిషీటు అందుకున్న తేదీ, టైం సంతకం పక్కన తన చేత్తో రాయాలి. జవాబుకి పది రోజుల గడువు అక్కడి నుంచే లెక్క. తర్వాత నాలుగు కాగితాలు అడగాలి: ఆ నెలంతా సీఎంఎస్‌లో (సిబ్బంది డ్యూటీలు నమోదయ్యే కంప్యూటర్ వ్యవస్థలో) తన సైన్ ఆన్, సైన్ ఆఫ్ పట్టిక, ఆ నెలలో ఇచ్చిన వారపు రెస్టులు ఎన్ని, ఒక్కోటి ఎన్ని గంటలు, ఆ రోజు కాల్ ఇచ్చిన రికార్డు, అంతకుముందు ట్రిప్పులో 9 గంటలు దాటించేటప్పుడు రెండు గంటల ముందు ఇచ్చిన నోటీసు. ఈ నాలుగో కాగితం చాలాసార్లు ఉండదు. ఇవి అందే దాకా పూర్తి జవాబు ఇవ్వలేనని పది రోజుల లోపే రాసి, రసీదు తీసుకోవాలి.

జవాబులో "సమ్మె" అనే మాట ఎక్కడా వాడొద్దు. ఏ రోజు ఎన్ని గంటలకి దిగాను, ఎన్ని గంటలకి మళ్లీ డ్యూటీకి సిద్ధంగా ఉన్నానని లాబీకి తెలిపాను, అంతే రాయాలి. సిద్ధంగా ఉన్నానని తెలిపిన మెసేజ్ ఫోన్‌లో ఉంటే ఈ రాత్రికే దాన్ని ప్రింటు తీయించి పెట్టుకోమనండి.